నాలుగు ఎక్స్ మీద

పాలకొల్లులో కాలవ గట్టున
సైకిల్ షాపుకీ మందుల కొట్టుకీ మధ్య
మంచం పట్టనంత గది.
పనిలో చేరిన రోజు భద్రంగారు
కంప్యూటర్ చూపించలేదు, నా చేతులు చూశారు.
"బజ్జీ తిన్నావా? కడుక్కురా.
అంచు పట్టుకో, చిల్లులో వేలు పెట్టు.
మెరిసే వైపు నీది కాదు."

డబ్బా మీద యాభై రెండు ఎక్స్ అని ఉంటుంది.
ఉండనీ, అనేవారు.
నువ్వు నాలుగు మీద పెట్టు,
అన్నం ఇగిరినట్టు ఇగరాలి పాట.

డెబ్బై నాలుగు నిమిషాల పాటకి
పద్దెనిమిదిన్నర నిమిషాల కాపలా.
మౌసు ముట్టుకోకూడదు.
తెర మీద ఈదే చేపల బొమ్మ కూడా తీసేశాం.
గుమ్మం ముందు ఇటుకల లారీ ఆగితే
భద్రంగారే వెళ్ళి డ్రైవరుకి టీ ఇప్పించి
కాస్త అవతల పెట్టుకో బాబూ అనేవారు.

మరి కరెంటో?
"అది మన చేతిలో లేదు కదరా,
అందుకే చేతిలో ఉన్నదేదీ వదలకు."

అయినా మొదటివారం పదకొండు చెడగొట్టాను.
చెడినవి పారెయ్యం. ఆకివీడు వైపు రొయ్యల చెరువుల వాళ్ళు
కిలోల లెక్కన పట్టుకెళ్ళి
తాళ్ళకి కట్టేవారు, పిట్టలు బెదరడానికి.
పద్యం ఆగిపోయిన చోట కొంగ ఆగేది.

ఆ శ్రావణంలో
చోడిశెట్టి గన్నియ్యగారు వచ్చారు,
తువ్వాలులో మూడు క్యాసెట్లు.
నలభై ఏళ్ళు నాటకాలకి హార్మోనియం వాయించిన వేళ్ళు,
మా బల్ల మీద కూడా ఊరుకోవు.
"ఆచంటలో ఆడిన రాత్రి. రాజరత్నం కృష్ణుడు.
ఇప్పుడామెకి గొంతు ఆపరేషనయింది.
ఎనిమిది కావాలి, ఒక్కటీ పోకూడదు."

మొదటిది రాశాను, వినిపించాను.
పద్యం దాటి రాగం పైకెక్కుతోంది,
టక్కున గొయ్యి!
రెండు సెకన్ల నిశ్శబ్దం, మళ్ళీ రాగం.
బల్ల మీద ఆయన వేలు గాల్లోనే ఉండిపోయింది.
"ఆమె ఇక్కడ ఊపిరి తియ్యలేదు బాబూ.
నీ మిషను తీసింది."

పాట పాటకీ దీపం ఆర్పి వెలిగించకుండా
డిస్కంతా ఒకే ఊపిరిలో రాసే పద్ధతి
ఆ రాత్రే నేర్చుకున్నాను.
ఎనిమిదీ రాశాను, ఎనిమిదీ విన్నాను,
కొత్త ప్లేయర్లో కాదు, అది అన్నీ క్షమిస్తుంది;
టీ కొట్టు సూరన్న మొండి ప్లేయర్లో.
ఎక్కడా తడబడలేదు.
స్టిక్కరు అంటించలేదు,
చిల్లు పక్కన మెత్తటి పెన్నుతో పేరు రాశాను.

మర్నాడు రాజరత్నంగారు వచ్చారు,
మెడకి చేనేత కండువా.
రెండు పద్యాలు విని చెయ్యెత్తారు.
మాటలు గాలిలా వచ్చాయి, గన్నియ్యగారు వంగి విన్నారు.
"ఇది ఐదున్నర శ్రుతి.
నేనా రాత్రి ఐదులో పాడాను."

ఎనిమిది డిస్కులూ నిక్కచ్చిగా
ఒకే తప్పు పాడుతున్నాయి.

ఆ రాత్రి టేపురికార్డరు బ్యాటరీ మీద నడిచిందట.
సెల్లులు నీరసించి రీలు నెమ్మదిగా తిరిగింది,
మా డెక్కు మీద అది పరిగెత్తింది.
నేను కాపలా కాసింది చివరి పద్దెనిమిదిన్నర నిమిషాలే,
తప్పు ముప్పై ఏళ్ళ కింద ఆచంటలో జరిగింది.

గన్నియ్యగారు హార్మోనియం మోయించుకొచ్చారు.
ఆయన ఒక మెట్టు నొక్కి పట్టుకుంటే
భద్రంగారు మోటారు మరని వెంట్రుకవాసి తిప్పేవారు.
తెల్లవారేకొద్దీ సెల్లు ఇంకా దిగిపోయింది కాబట్టి
పద్యం పద్యానికీ మళ్ళీ మర.
రెండు రోజులు. వేరే బేరం తీసుకోలేదు.

ఆఖరి పద్యం దగ్గర మర అయిపోయింది,
ఇంక తిరగదు.
ముగ్గురం రాజరత్నంగారి వైపు చూశాం.

ఆమె కాసేపు విన్నారు. కండువా సర్దుకున్నారు.
"ఉంచెయ్యండి.
ఇందులో పడుచుదాన్నిలా ఉన్నాను."

తప్పు ఎనిమిదీ ఆకివీడు వెళ్ళాయి.
ఏ చెరువు మీదో కనుక్కోలేదు.